ముందు కార్డు చూడండి

ఎడిసన్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఈ వారం ఫోన్ చేసి, 1959 నాటి బాబ్ గిబ్సన్ బేస్‌బాల్ కార్డు కొన్నానని సంబరంగా చెప్పాడు. టాప్స్ కంపెనీ గిబ్సన్‌కి వేసిన మొట్టమొదటి కార్డు అది. ‘ఎలా ఉందిరా?’ అన్నాను. ‘ఏడు, పెదనాన్నా’ అన్నాడు. వెనకున్న గులాబీ రంగు వెలిసిందా, బొమ్మ ఒక పక్కకి జరిగిందా, వెనకవైపు అక్షరాలు చదవడానికి వస్తున్నాయా అని వరసగా అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ వాళ్లు పదికి ఏడు వేశారు, అంతకంటే ఏం కావాలన్నాడు. 1968లో గిబ్సన్ బంతులు ఆడలేక బ్యాటర్లు నానా అవస్థలూ పడ్డారనీ, ఆ ఏడాది పిచర్ల జోరు చూసి మరుసటి ఏడాదికి పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారనీ కూడా వాడికి తెలియదు. వెయ్యి డాలర్ల పైన పెట్టి కొన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధగా అనిపించింది.

ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు ఇళ్లలో ఈ సరదా పెరగడం నేను చూస్తున్నాను. పిల్లలు లిటిల్ లీగ్ ఆడతారు, తండ్రులు వాళ్ల పేరు చెప్పి పాత కార్డులు కొంటారు. సంతోషమే. కానీ దాదాపు అందరూ గ్రేడింగ్ కంపెనీ గట్టి ప్లాస్టిక్‌లో సీలు వేసి, పైన 1 నుంచి 10 దాకా ఏదో ఒక మార్కు వేసిన కార్డు తప్ప ఇంకోటి ముట్టుకోరు. సీలు లేని కార్డును ‘రా’ అంటారు. రా కార్డు అనగానే మోసం అన్నట్టు చూస్తారు. బియ్యం కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని, గింజ నోట్లో వేసుకుని చూసే ఇళ్లలో పుట్టినవాళ్లం మనం. వస్తువు చూడకుండా పైనున్న అంకెకి డబ్బు కట్టడం మనకెప్పుడు అలవాటైంది?

ఈ అంకెల చరిత్ర తెలిస్తే ఇంత నమ్మకం ఉండదు. పీఎస్‌ఏ 1991లో పుట్టింది. వాళ్లు గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 వరసలోది. ఈ వాగ్నర్ కార్డులు అరవై దాకా మాత్రమే మిగిలాయంటారు. అందులో అన్నిటికంటే నిగనిగలాడేదాన్ని హాకీ వీరుడు వేన్ గ్రెట్స్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ అనే భాగస్వామితో కలిసి 1991లో సదబీస్ వేలంలో 4,51,000 డాలర్లకి కొన్నాడు. పీఎస్‌ఏ దానికి 8 వేసింది, 1వ సీరియల్ నంబరు ఇచ్చింది. ఆ తర్వాత చేతులు మారి మారి 2007లో 28 లక్షల డాలర్లకి అరిజోనా డైమండ్‌బ్యాక్స్ యజమాని కెన్ కెండ్రిక్ దగ్గరికి చేరింది.

ఆ కార్డును 1985లో 25,000 డాలర్లకి కొన్నవాడు బిల్ మాస్ట్రో. తర్వాత పెద్ద వేలం సంస్థ నడిపాడు. దొంగ పాటలు పాడించి ధరలు పెంచిన కేసులో 2013లో నేరం ఒప్పుకుంటూ, ఆ వాగ్నర్ కార్డు అంచులు కోసింది కూడా తానేనని ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది. అరిగిన అంచుల్ని కోసి సాపు చేస్తే కార్డు కొత్తదానిలా కనబడుతుంది. ఈ కార్డుల లోకంలో అంతకంటే పెద్ద తప్పు లేదు. అంచు కోసిన కార్డుకి అంకె వేయకూడదని పీఎస్‌ఏ నియమమే చెబుతుంది. మొదటి కార్డుతోనే ఆ నియమం తప్పింది. కోసినవాడే కోర్టులో ఒప్పుకున్న తర్వాత కూడా దాన్ని 8గానే చలామణి చేశారు. నాకు మింగుడు పడనిది ఇదే. పొరపాటు ఎవరైనా చేస్తారు. తెలిసిన పొరపాటును సీలు వేసి ఉంచడం వేరు.

అంకె నిజంగానే విలువ చెబుతుందా అంటే, అదే వాగ్నర్ కార్డు మరొకటి, ఎస్‌జీసీ అనే కంపెనీ 3 వేసినది, 2021 ఆగస్టులో 66 లక్షల డాలర్లు పలికింది. దాదాపు ఏడాదికి 2 వేసిన ఇంకో వాగ్నర్ 72.5 లక్షలకి పోయింది. తక్కువ మార్కు కార్డుకే ఎక్కువ ధర! కావలసినవాడు వాగ్నర్‌ని కొన్నాడు, మార్కును లెక్కచేయలేదు. అంకెకి ప్రాణం వచ్చేది వేలకొద్దీ దొరికే కార్డుల దగ్గర. అక్కడ ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒక మూల వెంట్రుకవాసి మెత్తబడి ఉంటుంది, అంతే. ధర మాత్రం రెండింతలో మూడింతలో అవుతుంది. 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు 9.5 గ్రేడుతో 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. చివరి గ్రేడుల్లో ఉన్న అదే మాంటిల్ పదుల వేల డాలర్లకే దొరుకుతుంది. బొమ్మ అదే, మనిషి అదే.

పైగా మార్కులు వేసే కంపెనీ తీసుకునే రుసుము కార్డు విలువను బట్టి పెరుగుతుంది. ఎక్కువ విలువ తేలితే వాళ్లకి ఎక్కువ ముడుతుంది. 2021లో కార్డులు కుప్పలుగా వచ్చి పడితే పీఎస్‌ఏ చాలా రకాల సేవలు ఆపేసింది, తర్వాత ధరలు పెంచి తెరిచింది. 2024 ఫిబ్రవరిలో పీఎస్‌ఏ యజమానులైన కలెక్టర్స్ సంస్థ ఎస్‌జీసీని కూడా కొనేసింది. ఒకరి తీర్పు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి ఆ మేరకు ఇరుకైంది. ఈ సంగతి వ్యాపార వార్తల్లో రెండు రోజులు కనిపించి మాయమైంది.

అసలుదా నకిలీదా తేల్చడం మాత్రం వేరే పని, దానికి నేను డబ్బు కడతాను. వాగ్నర్‌నో మాంటిల్‌నో ఏ సంస్థా పరిశీలించకుండా కొనమని ఎవరికీ చెప్పను. 1952 వరసను టాప్స్ వాళ్లే 1983లో మళ్లీ అచ్చేశారు. అది రీప్రింట్ అని వెనక రాసి ఉంటుంది, ఆ అక్షరాలు గీకేసి అమ్మేవాళ్లున్నారు. అయితే యాభై, నూరు డాలర్ల కార్డుకి ఇంత తతంగం అక్కర్లేదు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం, స్కేలు, అతినీలలోహిత టార్చి ఉంటే చాలు. అసలు కార్డులో నల్లటి అక్షరం నిండు సిరాతో ఉంటుంది, ఫొటో తీసి అచ్చేసిన నకిలీలో అదే అక్షరం చుక్కలుగా విడిపోతుంది. 1910 నాటి కాగితం టార్చి కింద మెరవదు, నిన్న మొన్నటి తెల్ల కాగితం మెరుస్తుంది. 1957 నుంచి టాప్స్ కొలత రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. తగ్గితే కోశారేమోనని అనుమానించాలి. అదే వరసలో రెండు డాలర్ల మామూలు కార్డు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చితే సగం మోసాలు అక్కడే బయటపడతాయి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్న అమ్మకందారు దగ్గరే కొనాలి. ఇవి నేర్చుకోవడానికి ఒక చలికాలం చాలు. మడత పడిన, మూలలు అరిగిన రా కార్డును నేను ఎక్కువ నమ్ముతాను. దాన్ని బాగు చేయాలని ఎవరూ కత్తెర పట్టలేదని ఆ అరుగుదలే చెబుతుంది.

గిబ్సన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇంకో గిబ్సన్, జాష్ గిబ్సన్. నల్లవాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలంలో నీగ్రో లీగుల్లో ఆడాడు. జాకీ రాబిన్సన్ ఆ గోడ దాటి పెద్ద లీగుల్లోకి రావడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో పోయాడు. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగుల లెక్కల్నీ కలిపినప్పుడు .372 బ్యాటింగ్ సగటుతో, అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ని దాటి జాష్ మొదటి స్థానానికి వచ్చాడు. అతను ఆడిన రోజుల్లో అమెరికాలో కార్డులు వేసే ఏ చూయింగ్ గమ్ కంపెనీ అతని కార్డు వేయలేదు. కార్డు పడిన ఆటగాళ్లకైనా ఒరిగిందేమిటి? 1960ల్లో టాప్స్ ఒక్కో ఆటగాడికి ఏడాదికి ఇచ్చింది 125 డాలర్లు. ఆటగాళ్ల సంఘం తరఫున మార్విన్ మిల్లర్ పట్టుబట్టాకే అది రెట్టింపై, అమ్మకాల్లో వాటా వచ్చింది. ఇవాళ ఒక మూల పదును కోసం లక్షలు కుమ్మరించే సంతలో ఈ మాట ఎత్తేవాడు లేడు.

మనం ఉంటున్న న్యూజెర్సీలోనే, ఎడిసన్‌కి దగ్గర్లోనే, నువార్క్ ఈగిల్స్ అనే జట్టు ఉండేది. 1946లో నీగ్రో లీగుల ప్రపంచ సిరీస్ గెలిచింది. ఆ జట్టు యజమానురాలు ఎఫా మాన్లీ, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2006లో ఎంపికైన మొదటి మహిళ. ఆ జట్టులో ఆడిన మోంటీ ఇర్విన్, లారీ డోబీ తర్వాత పెద్ద లీగులకి వెళ్లారు. డోబీ పెరిగిన పాటర్సన్‌లో హించ్‌లిఫ్ స్టేడియం పాడుబడి, బాగుచేశాక 2023లో మళ్లీ తెరుచుకుంది. పిల్లలకి ఖరీదైన కార్డులు కొనిపెట్టే తల్లిదండ్రుల్లో ఎంతమంది అక్కడికి తీసుకెళ్లారు? నేను అడిగిన ఇళ్లలో ఒక్కరూ లేరు.

1952 టాప్స్ వరసలో 26వ నంబరు మోంటీ ఇర్విన్. మాంటిల్ ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. మూలలు అరిగినదే కొనండి, సీలు లేనిదే కొనండి. పిల్లల చేతికివ్వండి, వెనక ఏముందో చదవమనండి. వచ్చే ఆదివారం పాటర్సన్ వెళ్లి రండి.