మ్యూజియం సొరుగులో కలివికోడి గుడ్డు

కలివికోడి అనగానే కడప జిల్లా లంకమల గుర్తొస్తుంది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప అడవుల్లోనే మళ్లీ కనిపించింది. గుడ్డు మాత్రం ఎక్కడో స్కాట్లాండ్‌లో, అబర్దీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడింది! 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించిందది. మరో మ్యూజియం దాచిన పాత కలివికోడి నమూనాల డీఎన్‌ఏతో పోల్చి, 2013లో నిర్ధారణ ప్రకటించారు. సేకరించిన నాటికి అలాంటి పరీక్ష ఎవరి ఊహలోనూ లేదు.

పాత గుడ్ల విలువ అంతటితో ఆగదు. బ్రిటన్‌లో శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని పెంకులను కొత్తవాటితో పోల్చబట్టే, డేగల గుడ్ల పెంకులు పల్చబడ్డాయని 1967లో లోకానికి తెలిసింది. ఆ తర్వాత దోషి డీడీటీ అనే పురుగుమందని తేలింది.

మన దగ్గర ఇలాంటి సేకరణల గతేమిటి? ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైంది. ప్రదర్శనశాలల గోడలకు రంగులేసే ముందు, సొరుగుల్లోని నమూనాలకు అగ్నిరక్షణ, డిజిటల్ నమోదు, వాటిని గుర్తుపట్టగల నిపుణుల ఉద్యోగాలు ప్రభుత్వం సమకూర్చాలి.