రోమనిర్మూలనము: సూదియు, లేజరును

పై పెదవిమీదను, చుబుకముమీదను మొలచిన వెండ్రుకలను స్త్రీలు తొలగించుకొనవలసినదేనా యను చర్చ నటుంచి (వాటిని చూచి నవ్వువారికే ముందుగా చికిత్స చేయవలెనని నా యభిప్రాయము), తొలగించుకొనదలచినవారు తమ ధనమును దేనికి వెచ్చింపవలెనన్నది విచారింతము. ముఖము విషయమున మాత్రము నేను నిదానమైన సూదినే సమర్థింతును.

1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమందు ఛార్లెస్ మిషెల్ అను నేత్రవైద్యుడు, లోపలికి తిరిగి కనుగ్రుడ్డును గీరుచుండిన రెప్పవెండ్రుకల కుదుళ్లలోనికి సన్నని సూదిని దింపి, విద్యుత్తును ప్రసరింపజేసి, అవి మరల మొలవకుండ నశింపజేయు విధానమును ప్రకటించెను. ఎలెక్ట్రాలసిస్ అనబడు ఈ పద్ధతికి వెండ్రుక నల్లనిదైనను నెరసినదైనను, చర్మ మే ఛాయదైనను భేదము లేదు. కాని ఒక్కొక్క వెండ్రుకకే పని చేయవలసియుండుటచే నెలలు పట్టును, నొప్పియు కలుగును, చేయి తిరగనివారు చేసినచో మచ్చలును మిగులును. ఇంత ఓపిక లేని లోకమునకు 1920ల అమెరికాలో ‘ట్రైకో’ పేరిట సౌందర్యశాలలలో వెలసిన ఎక్స్-కిరణములు వరప్రసాదమువలె తోచెను. నొప్పి లేదు, వెండ్రుకలు రాలినమాటయు నిజమే. ఏండ్లు గడచిన పిదప అనేకుల ముఖములపై పుండ్లును, క్యాన్సరును బయలుపడెను.

లేజరును ఆ ఎక్స్-కిరణములతో సమముగా నిందించుట అన్యాయము. వెండ్రుకలోని నల్లని వర్ణద్రవ్యము కాంతిని గ్రహించి వేడెక్కగా కుదురు దెబ్బతినును; నెరసిన వెండ్రుకపై దాని ప్రభావము లేనట్లే. అయితే ఆ వర్ణద్రవ్యమే మన చామనచాయ చర్మమునందును ఉన్నది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజరు కాంతికంటె, లోతునకు చొచ్చుకొనిపోవు 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ కాంతి మనవంటివారికి క్షేమకరము. కాలుసేతులవంటి విశాలప్రదేశములకు చర్మవైద్యుని పర్యవేక్షణలో దానిని ఎంచుకొనుట వివేకమే. ముఖమునందో, కొందరు స్త్రీలకు లేజరు తరువాత వెండ్రుకలు తగ్గుటకు మారుగా ఒత్తుగా పెరుగుటయు వైద్యు లెరిగినదే. అమెరికా ఔషధనియంత్రణసంస్థ సైతము లేజరు యంత్రములకు రోమములను శాశ్వతముగా ‘తగ్గించు’ననియే గాని ‘నిర్మూలించు’నని చెప్పుకొన ననుమతింపలేదు; మన నగరముల ప్రకటనఫలకములకు మాత్రము అట్టి సంకోచ మేమియు లేదు.

ఋతుక్రమము తప్పుచు గడ్డముపై ముతకవెండ్రుకలు వచ్చుచున్నచో ముందుగా పోవలసినది వైద్యునికడకు. వాడుకలో నీటిబుడగలని చెప్పుకొను పీసీఓఎస్ వంటి కారణ ముండగా, ఒకచోట తీసిన కొలది వేరొకచోట క్రొత్తవి మొలచుచునే యుండును.

లగ్నపత్రిక వ్రాసికొనిన పిదప లేజరుకై పరుగెత్తు వధువులకు ఒక్కమాట. పెరుగుదలదశలో నున్న వెండ్రుకలే కాంతికి లొంగును గనుక వారముల ఎడమిచ్చి పలువిడతలు చేయింపవలెను. నడుమ చర్మము కమిలినచో ఆ నల్లమచ్చ మానుటకు నెలలు పట్టును. ముహూర్తము నెలలోపల నున్నవారికి థ్రెడ్డింగే చాలును.