ర్యామ్ ధర మండుతోంది.. ఏఐ ఆకలికి బండి ఆత్మకూరు నెట్ సెంటర్ బిల్లు కడుతోంది

2025 అక్టోబరు 14న రెండు సంగతులు జరిగాయి. విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో గూగుల్ ఢిల్లీలో ఒప్పందం చేసుకుంది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని ప్రకటించారు. సరిగ్గా అదే రోజు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. మొదటి వార్తకు సంబరాలు జరిగాయి. రెండో వార్త చాలామంది చెవిన కూడా పడలేదు.

విశాఖ డేటా సెంటర్‌కూ, నంద్యాల జిల్లా బండి ఆత్మకూరులో జిరాక్స్ మిషన్ పక్కన ఉండే పాత డెస్క్‌టాప్‌కూ సంబంధం ఏంటి అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఆ రెండిటికీ కావాల్సిన ముఖ్యమైన సరుకు ఒకటే. అది మెమరీ చిప్, అంటే ర్యామ్. ఆ సరుకును ఇప్పుడు పెద్దవాళ్లు ముందే బుక్ చేసుకుంటున్నారు. చిన్నవాళ్లకు మిగిలింది తక్కువ, దాని ధర ఎక్కువ.

కళ్లం చిన్నది, పంట పెద్దది

బండి ఆత్మకూరు వరి పండే ప్రాంతం కాబట్టి ర్యామ్ సంగతి వరి భాషలోనే చెప్పుకోవచ్చు. హార్డ్ డిస్క్ అంటే గాదె. సరుకంతా అక్కడ నిల్వ ఉంటుంది. ర్యామ్ అంటే కళ్లం. పని జరిగేది అక్కడ. గాదె ఎంత పెద్దదైనా కళ్లం ఇరుకైతే నూర్పిడి సాగదు. కొంత పంటను తీసి పక్కన పెట్టాలి, మళ్లీ తెచ్చుకోవాలి. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటర్ కూడా ఇదే పని చేస్తుంది. సమాచారాన్ని హార్డ్ డిస్క్‌లోకి తోసి మళ్లీ లాక్కుంటుంది. డిస్క్ వేగం ర్యామ్ వేగంలో చాలా చిన్న భాగం. అందుకే తెరమీద ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది.

పదేళ్ల కిందట 2 జీబీ, 4 జీబీ ర్యామ్ సరిపోయేది. ఇప్పుడు బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, అది నిండిపోతోంది. ఒక ట్యాబులో జ్ఞానభూమి, ఇంకో ట్యాబులో ఈఏపీసెట్ దరఖాస్తు, పక్కన స్కాన్ చేసిన పీడీఎఫ్, వెనకాల వాట్సాప్ వెబ్. నెట్ సెంటర్‌లో ఇవన్నీ ఒకేసారి నడవాల్సిందే.

ఇది వట్టి సౌకర్యం గొడవ కాదు, గడువుల గొడవ. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచి, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో ఎక్కించాలంది. ముతవల్లీలు పాత దస్తావేజులు స్కాన్ చేయాలి, సైజు తగ్గించాలి, అప్‌లోడ్ చేయాలి. ఇలాంటి పని చేతిలోని ఫోన్‌తో తేలిగ్గా అయ్యేది కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ మొదలుపెట్టింది. దానివల్ల కొన్ని తిరుగుళ్లు తగ్గాయి, నిజమే. కానీ స్కానింగ్, ప్రింటింగ్, పెద్ద దరఖాస్తులు ఇప్పటికీ డెస్క్‌టాప్ దగ్గరే తేలుతున్నాయి. అది మొరాయిస్తే స్కాలర్‌షిప్ గడువు దాటేది విద్యార్థికి, పాస్‌బుక్ పని ఆగేది రైతుకు.

ధర ఎందుకు ఎక్కింది?

ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో సింహభాగం మూడు కంపెనీలే తయారు చేస్తాయి. కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. ఏఐ సర్వర్లకు కావాల్సింది హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ. అంతే జీబీల మామూలు మెమరీతో పోలిస్తే దీనికి దాదాపు మూడింతల సిలికాన్ పడుతుంది. మడి అదే, నీళ్లు అవే. కొత్త పంటకు మూడు మడులు కావాలి, లాభం కూడా దాంట్లోనే ఎక్కువ. పాత పంట ఎవరు వేస్తారు?

2025 అక్టోబరు 1న చాట్‌జీపీటీ తయారు చేసే ఓపెన్‌ఏఐ, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ప్రాథమిక అంగీకారం కుదుర్చుకుంది. నెలకు 9 లక్షల వేఫర్ల వరకు ఉత్పత్తి అవసరమవుతుందని అప్పుడు చెప్పారు. వేఫర్ అంటే చిప్పులు చెక్కే సిలికాన్ పళ్లెం. డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో కబురు చెప్పింది. చిన్న వినియోగదారులకు ‘క్రూషియల్’ పేరుతో అమ్ముతున్న ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి చివరిదాకానే సరఫరా అంది. అమ్మిన సరుకుకు వారంటీ సేవ కొనసాగిస్తామంది కాబట్టి ఆ పేరున్న ర్యామ్ కొన్నవారు బిల్లు దాచుకోవడం మంచిది.

ఈ దెబ్బ కొత్త కంప్యూటర్లకే పరిమితం కాలేదు. పాత డెస్క్‌టాపుల్లో ఎక్కువగా ఉండే డీడీఆర్4 రకం తయారీని కూడా ఈ కంపెనీలు తగ్గించే దారి పట్టాయి. ఎస్‌ఎస్‌డీల్లో వాడే చిప్పుల ధరలూ పెరిగాయి. ‘కొన్నాళ్లు ఆగితే దిగుతుందిలే’ అనే లెక్క ఈసారి త్వరగా పనిచేసేలా లేదు. కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్ బయటికి తీయడానికి ఏళ్లు పడుతుంది.

మన దేశంలో చిప్పుల ఫ్యాక్టరీలు వస్తున్నాయి కదా అనే మాట వినిపిస్తుంది. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ యూనిట్‌ను 2023లో ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌కు ఒక సెమీకండక్టర్ యూనిట్‌ను 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. అయితే ఈ రెండూ చిప్పులను ప్యాకింగ్ చేసి పరీక్షించే తరహావి. మెమరీ వేఫర్ పుట్టేది వేరే దేశాల్లోనే. కాబట్టి నంద్యాల దుకాణంలో ర్యామ్ ధర వీటివల్ల వెంటనే తగ్గదు.

కొనేముందు చూసుకోవాల్సినవి

ధర తక్కువగా ఉన్నప్పుడు ‘ఒక ర్యామ్ వేసేయ్’ అంటే సరిపోయేది. తప్పు కొన్నా పెద్ద నష్టం ఉండేది కాదు. ఇప్పుడు తప్పు కొంటే చేతి చమురే. అందుకే ముందు ఆ కంప్యూటర్‌కు నిజంగా ర్యామే తక్కువైందా అనేది తేల్చుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. రోజూ చేసే పనులన్నీ తెరిచి పెట్టి మెమరీ శాతం చూడాలి. 85, 90 దాటుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. సగం దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే జబ్బు వేరే. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

రెండోది, రకం. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దూరదు. గాడి ఉండే చోటు వేరు, పిన్నుల సంఖ్య వేరు (240, 288), వోల్టేజీ వేరు. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే ఉన్నా గాడి మారుతుంది. బలవంతంగా నొక్కితే బోర్డు పోతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు పనికిరాదు.

మూడోది, బోర్డు హద్దు. ఎన్నో దుకాణాల్లో ఇంకా నడుస్తున్న ఇంటెల్ హెచ్61 బోర్డుకు డీడీఆర్3 స్లాట్లు రెండే. అది మొత్తం 16 జీబీ వరకే తీసుకుంటుంది. విండోస్ 32 బిట్ అయితే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీ లోపే వాడుతుంది, మిగిలింది దండగ. అలాంటప్పుడు ముందు 64 బిట్‌కు మారాలి. స్లాట్లు రెండుంటే ఒకే పెద్ద ర్యామ్ కన్నా ఒకే రకం రెండు వేస్తే వేగం కొంత మెరుగు.

నాలుగోది, పాత సరుకు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో కంపెనీలు తీసేసిన కంప్యూటర్ల ర్యామ్ దొరుకుతుంది. ర్యామ్‌లో తిరిగే భాగాలుండవు, అరిగేదేమీ లేదు. మంచిదైతే పాతదైనా బాగానే పనిచేస్తుంది. కాకపోతే డబ్బు ఇచ్చేముందు మెమ్‌టెస్ట్ నడిపించి చూడాలి. వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోవాలి.

బిగించేటప్పుడు ప్లగ్ పీకి, ఇనుప కేసును చేత్తో ఒకసారి తాకాలి. రెండు చివరలా సమానంగా నొక్కితే క్లిప్పు టక్కుమంటుంది. ఆన్ చేయగానే బీప్ శబ్దాలు వస్తే కంగారు పడొద్దు. తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

ర్యామ్‌తో తీరని చిక్కు

ఇక్కడే అక్టోబరు 14 మళ్లీ గుర్తుచేసుకోవాలి. విండోస్ 11 అడిగే కనీస ర్యామ్ 4 జీబీయే. కానీ దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే 8వ తరం లేదా తర్వాతి ప్రాసెసర్ కూడా కావాలంటుంది. హెచ్61 బోర్డులో 16 జీబీ నింపినా ఈ షరతు తీరదు. ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే అది ఉచితం. ఇంకా విండోస్ 7 వాడేవారికి క్రోమ్ కొత్త వెర్షన్లు 2023లోనే ఆగిపోయాయి. జనం ఆధార్, బ్యాంకు వివరాలు టైప్ చేసే మిషన్‌కు భద్రత లేకపోతే నష్టం దుకాణం యజమానికన్నా అక్కడికొచ్చిన వాళ్లకే ఎక్కువ.

దీనికి ఒక దారి లినక్స్. ఉబుంటు, మింట్ లాంటివి ఉచితం, పాత మిషన్ల మీద తేలిగ్గా నడుస్తాయి. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే నడుస్తోంది. తెలుగు నేల మీద ‘స్వేచ్ఛ’ సంస్థ బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ తెచ్చింది. అయితే డీటీపీ చేసేవారికి ఈ దారి అంత సులువు కాదు. ఉర్దూ షాదీ రుక్కాలు, జల్సా పోస్టర్లు 1994లో వచ్చిన ఇన్‌పేజ్ మీద తయారవుతాయి. తెలుగు కార్డులు అను స్క్రిప్ట్ మీద. రెండూ విండోస్ కోసం చేసినవే. యూనికోడ్‌లో నోటో నస్తాలీక్ ఉర్దూ లాంటి ఉచిత ఫాంట్లున్నా, ప్రెస్సు ఇన్‌పేజ్ ఫైలే అడిగితే చేసేదేముంది? అలాంటి చోట డీటీపీ మిషన్‌ను నెట్ నుంచి తీసేసి, దరఖాస్తుల పనికి లినక్స్ పెట్టిన ఇంకో మిషన్ వాడుకోవడం ఒక మధ్యేమార్గం.

ప్రభుత్వం చేయగలిగింది

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాలను ఎలా రీసైకిల్ చేయాలో చెబుతున్నాయి. కానీ పనికొచ్చే ర్యామ్‌ను కరిగించి లోహం తీయడం కన్నా ఇంకో మిషన్‌లో పెట్టడమే లాభం. ప్రభుత్వ ఆఫీసులు, యూనివర్సిటీలు, బ్యాంకులు కంప్యూటర్లు మారుస్తూనే ఉంటాయి. డిస్కులు పూర్తిగా చెరిపేసి, ర్యామ్ పరీక్షించి, ఒకే రకానివి కలిపితే మూలనపడ్డ రెండు మిషన్ల నుంచి నడిచే మిషన్ ఒకటి తయారవుతుంది. జడ్పీ హైస్కూళ్లకు, ఉర్దూ బడులకు, మదరసాల కంప్యూటర్ గదులకు అవి అందించవచ్చు. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు చేతిపని కూడా నేర్పినట్టవుతుంది. దీనికి వేల కోట్లు అక్కర్లేదు. జిల్లా స్థాయిలో ఒక ఉత్తర్వు, ఒక గది, కొందరు శిక్షకులు చాలు.

పోర్టళ్లు తయారు చేసేవారి బాధ్యతా ఉంది. ఒక దరఖాస్తు పేజీ 4 జీబీ మిషన్ మీద, మండల కేంద్రం నెట్ వేగంలో నడుస్తుందో లేదో చూసిన తర్వాతే గడువు ప్రకటించాలి. పేజీ బరువు తగ్గితే లక్షల కంప్యూటర్లకు పైసా ఖర్చు లేకుండా ర్యామ్ పెంచినట్టే.

విశాఖకు ఏఐ రావద్దని ఎవరూ అనరు. ఉద్యోగాలొస్తే నంద్యాల పిల్లలకూ మంచిదే. కానీ ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాల్సిన రోజున బండి ఆత్మకూరులో ఆ చక్రం తిరుగుతూ ఉండిపోతే? రాష్ట్రం వేసుకునే డిజిటల్ లెక్కల్లో ఈ పాత డెస్క్‌టాప్‌కు కూడా ఒక వరుస ఉండాలి.