దీపం కొండెక్కడమంటే ఆరిపోవడమేనా?

దీపం ఆరిపోతే మైదానంలో ‘కొండెక్కింది’ అంటారు. కొండ మీద బతికేవాళ్లం అడుగుతున్నాం: మా దాకా వచ్చే దీపం ఎప్పుడూ ఆరిపోయేదేనా?

ఇప్పుడు ఎక్కడ చూసినా సోలార్ మాటే. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. దాని లెక్క ఇదీ. 2 కిలోవాట్లకు ప్యానెళ్లు, ఇన్వర్టర్, బిగింపు కలిపి సుమారు లక్ష. కిలోవాట్‌కు 30 వేల చొప్పున కేంద్రం సబ్సిడీ 60 వేలు. మన చేతి నుంచి 40 వేలు. నెలకు దాదాపు 240 యూనిట్లు వస్తాయి. యూనిట్ 5 రూపాయలు వేసుకున్నా 1,200 మిగులు. మూడేళ్లు నిండకుండానే పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. పట్నంలో డాబా ఉన్న ఉద్యోగికి ఈ లెక్క నిజమే. కాదనం.

అదే లెక్క మా గూడెంలో వేద్దాం. రెండు బల్బులు, ఒక ఫ్యాను, టీవీ, సెల్ ఛార్జింగ్. నెలకు 40 యూనిట్లు దాటితే గొప్ప. ఆంధ్రాలో ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులకు అంతే. అంటే మా బిల్లు ఇప్పటికే సున్నా. సున్నా బిల్లులో మిగిలేదీ సున్నాయే. 40 వేలను సున్నాతో భాగించి ఎన్నేళ్లకు తిరిగొస్తాయో ఏ ఆఫీసరన్నా చెప్పగలడా?

‘ఆంధ్రాలో ఎస్టీలకు 2 కిలోవాట్లు ఉచితమన్నారుగా, ఇంకేం ఏడుపు?’ అంటారు. ఉచితం కాబట్టే అడగాలి. ఖర్చు ప్యానెల్ దగ్గర ఆగదు.

మొదటిది కప్పు. 2 కిలోవాట్లకు సుమారు 200 చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. పూరిపాక, నాటుపెంకుల ఇల్లు ఆ బరువు మోస్తాయా? కప్పు మార్చే ఖర్చు ఎవరి పద్దులో రాశారు?

రెండోది, చాలామందికి చెప్పనిది. లైనుకు కలిపే సోలార్‌లో బ్యాటరీ లేకపోతే, లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. గాలివానకు చెట్టు పడి మూడు రోజులు లైను తెగితే, నెత్తిన ప్యానెళ్లు పెట్టుకుని చీకట్లో కూర్చోవాల్సిందే.

మూడోది బ్యాటరీ. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ 15 వేల దాకా అవుతుంది. ఐదేళ్లకోసారి మార్చినా పాతికేళ్లలో ఐదు బ్యాటరీలు, 75 వేలు. మనం కట్టాల్సిన 40 వేల కంటే దాదాపు రెట్టింపు. ఈ అంకె ఏ కరపత్రంలోనూ కనపడదు.

లైనే లేని పీవీటీజీ గూడేలకు పీఎం జన్‌మన్ కింద 0.3 కిలోవాట్ల సెట్టు ఉంది. ఇంటికి 50 వేల సాయం. మంచిదే. కానీ రోగిని డోలీలో మోసుకుపోయే ఊరికి బ్యాటరీని ఎవరు మోసుకొస్తారు? మెకానిక్ ఏ దారిన వస్తాడు? బిగించిన రోజు ఫొటో తీసుకుంటారు. బ్యాటరీ చచ్చిన రోజు ఎవడూ రాడు. ఆ రోజు నుంచి మళ్లీ కిరసనాయిలు బుడ్డే.

మేం సోలార్‌కు వ్యతిరేకం కాదు. మాచ్‌ఖండ్ నీళ్లతో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. మా కొండల నీళ్లు పట్నాలకు వెలుగిచ్చాయి. ఆ లెక్క చూసుకుంటే ఈ బ్యాటరీ ఖర్చు మాకు దానం కాదు, బాకీ.

అందుకే అక్కలారా, అన్నలారా, కాగితం మీద వేలిముద్ర వేసేముందు గ్రామసభ పెట్టించండి. మన భాషలో ఖర్చు మొత్తం చదివించండి. నాలుగు మాటలు రాసివ్వమనండి. సోలార్ పెట్టాక 200 యూనిట్ల ఉచితం ఉంటుందా, పోతుందా? లైనులోకి పోయే మన కరెంటుకు ఎంతిస్తారు? బ్యాటరీ మార్చే డబ్బు ముందే గ్రామసభ ఖాతాలో వేస్తారా? మన గూడెం పిల్లలకే రిపేరు పని నేర్పి జీతమిస్తారా? గట్టి కప్పు లేని ఇళ్లకు ఊరుమ్మడి ప్యానెళ్లు పెట్టమని కూడా తీర్మానం చేయండి. అదీ గ్రామసభ చేతిలోనే ఉండాలి.

ఇవి రాయకుండా సంతకం అడిగితే వెనక్కి పంపండి. కొండెక్కిన దీపం కూడా వెలుగుతుందని మైదానానికి చూపిద్దాం.