అమ్మలక్కల కబుర్లేనా?

పుకారు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆడవాళ్ళే. 'అమ్మలక్కల కబుర్లు' అనేసి చేతులు దులుపుకుంటారు. మరి 2024 మార్చిలో తెనాలిలో జరిగిందేమిటి? తన పేర ఇంటి పట్టా వచ్చిందని ఒకామె కెమెరా ముందు సంబరంగా చెప్పుకుంది. (పేరు రాయను. ఆ పేరుని ఇప్పటికే చాలామంది వాడుకున్నారు.) ఆ వీడియో కింద కురిసిన బూతులు ఏ కుళాయి దగ్గరా వినబడవు. కొద్దిరోజులకే రైలు ఢీకొని ఆమె చనిపోయింది.

అప్పటికైనా ఆగారా? బాపట్లలో మా చుట్టాల వాట్సప్ గ్రూపులో ట్రోలింగే చంపిందన్న వీడియోలు. రేపల్లె చుట్టాల గ్రూపులో ఎవరో తోసేశారన్న వీడియోలు. రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో వెళ్ళాలంటే తెనాలిలో మారాలి. ఈ గ్రూపులోంచి ఆ గ్రూపులోకి మారే స్టేషనే లేదు. రెండింటినీ నడిపేది పెద్ద చదువులు చదివిన మగవాళ్ళే. దర్యాప్తు తేలనివ్వండి అన్నందుకు రెండుచోట్లా నేను 'అవతలి పార్టీ మనిషి'నయ్యాను.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వదంతులతో అమాయకుల్ని కొట్టి చంపాక, వాట్సప్ మన దేశంలో ఫార్వర్డుకి ఐదు చాట్ల హద్దు పెట్టింది. ఇంటిల్లిపాదీ, ఊళ్ళో సగంమందీ ఒకే గ్రూపులో ఉన్నప్పుడు ఐదెందుకు, ఒక్కటి చాలు.

మన రచయిత్రుల గ్రూపులు మాత్రం తక్కువ తిన్నాయా? ఆమె ఏ పార్టీయో ఆరా తీశాకే సానుభూతి. స్త్రీ పేర జానెడు నేల ఉండటమంటే ఏమిటో మనం కథలు రాశాం, డాక్టరేట్లు తెచ్చుకున్నాం. ఆమె నవ్వుతూ చెప్పిందీ అదే. ఆ మాట మీద ఒక్క వ్యాసం నాకు కనబడలేదు.