‘నల్లగా ఉన్నా’లో ఆ ‘ఉన్నా’ ఎందుకు?

నా గురించి మొట్టమొదటి వర్ణన రాసింది మా టెన్త్ క్లాస్ మాస్టారు. పబ్లిక్ పరీక్షల ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒంటిమీద పుట్టుమచ్చలు వెతికి, మనిషికి రెండేసి చొప్పున రాసుకున్నారు. నాకు ఒకటి కుడి మోచెయ్యి దగ్గర, ఇంకోటి మెడ మీద. దొరకనివాళ్ళకి చిన్నప్పటి దెబ్బ మచ్చేదో వెతికి రాశారు. మన దగ్గర పదో తరగతి పాసైన నాబోటివాళ్ళందరికీ ఈ రెండు వాక్యాల వర్ణన సర్టిఫికెట్ మీద ఉంటుంది. అందులో పొగడ్త లేదు, తెగడ్త లేదు. కనబడింది కనబడినట్టు ఉంటుంది, అంతే. మన కథల్లో మనుషుల వర్ణనలు చదివినప్పుడల్లా ఆ మాస్టారే నయం అనిపిస్తుంది నాకు.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత సాహిత్యంలోంచి వచ్చింది కాదు, ఆటల్లోంచి వచ్చింది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాకినాడ హాస్టల్లో రాత్రిళ్ళు టెక్స్ట్ గేములు ఆడేవాణ్ణి. బొమ్మలుండవు, గ్రాఫిక్స్ ఉండవు, అంతా అక్షరాలే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు తయారుచేసిన ‘మడ్’ ఈ ఆటలకి పెద్దదిక్కు. (వీరేశలింగం గారు ‘రాజశేఖర చరిత్రము’ని వివేకవర్ధనిలో వెయ్యడం మొదలుపెట్టిన 1878కి వందేళ్ళ తర్వాత అన్నమాట.) 1989లో కార్నెగీ మెలన్‌లో పుట్టిన ‘టైనీమడ్’ లాంటి వాటిలో ఎవరి రూపాన్ని వాళ్ళే రాసుకుంటారు. నువ్వు ‘లుక్’ అని ఎదుటివాడి పేరు కొడితే అతను రాసుకున్న వర్ణన తెర మీదికొస్తుంది. అక్కడ నీ ఒళ్ళంటే నువ్వు రాసుకున్న ఆ నాలుగు వాక్యాలే.

నేను రాసుకున్న మొదటి ఒళ్ళు ఇదీ: ఆరడుగుల రెండంగుళాలు, వెండిరంగు జుట్టు, బూడిదరంగు కళ్ళు, పాలలాంటి ఒళ్ళు, చూసినవాళ్ళ గుండె ఒక్క క్షణం ఆగిపోయే చూపు. రాజోలు తాలూకా కుర్రాడు, అయిదడుగుల అయిదంగుళాలవాడు, రాసుకున్న ఒళ్ళది! ఆ ఆటలో వైద్యురాలి పాత్ర వేస్తున్న ఒకావిడ ఇది చదివి రెండు ప్రశ్నలు అడిగింది. “నా గుండె ఆగాలో వద్దో నువ్వెలా రాస్తావు? ఇంతకీ నీవాడి చేతులెలా ఉంటాయి? నేను కట్టు కట్టాలి.”

చేతుల గురించి నేను ఆలోచించలేదు. ఆ రాత్రి నాకు తెలిసిన చేతులు రాశాను. అవి మా నాన్నవి. కొబ్బరికాయ ఒలుపు పని ఆయనది. నేలలో పాతిన గునపానికి కాయని గుచ్చి తిప్పీ తిప్పీ అరచేతులు చెక్కలా గట్టిపడిపోయాయి. పీచు రంగు గోళ్ళ మొదళ్ళలోకి దిగిపోయింది, ఎంత రుద్దినా పోదు. బొటనవేలి పక్కన గునపం దిగిన పాత మచ్చ. ఆవిడ ఆ మచ్చని పట్టుకుని అరగంట సన్నివేశం నడిపింది. వెండిజుట్టుతో ఎవరికీ ఏ పనీ పడలేదు.

ఆ ఆటల్లో వర్ణనలు గొప్పవని నేననను. మెజారిటీ చెత్తే, నా మొదటిదానితో సహా. కానీ బాగా ఆడేవాళ్ళ మధ్య కొన్ని మర్యాదలుండేవి. ఒకటి: ఎదుటివాడి కంటికి ఏది కనబడుతుందో అదే రాయి, నీ చరిత్ర వాడి కళ్ళల్లో కుక్కకు. రెండు: చూసినవాడికి ఏమనిపిస్తుందో నువ్వు చెప్పకు, అది వాడి హక్కు. మూడు: ఎదుటివాడు పట్టుకోడానికి ఏదో ఒకటి ఇవ్వు, ఒక మచ్చో, కుంటో, చిరిగిన చొక్కాయో. అవతల బతికున్న మనిషి కూర్చుని చదువుతున్నాడన్న స్పృహలోంచి వచ్చిన మర్యాదలివి.

ఇప్పుడు మన కథల దగ్గరికి రండి. “చూడగానే చేతులెత్తి నమస్కరించాలనిపించే నిండైన విగ్రహం.” ఈ వాక్యం మీరు ఎన్ని కథల్లో, నవలల్లో చదివుంటారు? రెండో మర్యాద ప్రకారం ఇది ఫౌల్. ఆ మనిషి ముక్కెలా ఉందో, చెవులెలా ఉన్నాయో రచయిత చెప్పలేదు. నా చేతులు మాత్రం నా అనుమతి లేకుండా ఎత్తించేశాడు. పైగా ఈ నమస్కారం ఎవరికి అందుతుందో గమనించండి. పచ్చటి ఒళ్ళు, నుదుట బొట్టు, పట్టుపంచె లేదా పెద్దంచు చీర. వాటితోపాటు కులం కూడా వచ్చేస్తుంది, పేరెత్తకుండానే. కొబ్బరి దింపు తీసేవాణ్ణి చూడగానే ఎవరికైనా చేతులెత్తాలనిపించినట్టు నేనెక్కడా చదవలేదు. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టినందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టుకున్న సీమ మాది. ఒక పేరులో ఎంతుందో అంత బాగా తెలిసినవాళ్ళం, ఒక విశేషణంలో ఎంతుందో తెలీదంటే ఎవరు నమ్ముతారు?

నేను మాత్రం తక్కువ తిన్నానా? నా మొదటి కథ అచ్చయినప్పుడు అందులో తల్లి పాత్రని ఇలా రాశాను: “నల్లగా ఉన్నా కళగల ముఖం.” మా అమ్మనే రాశాను. ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది. కథ మొత్తం కూడబలుక్కుని చదివి, పత్రిక పక్కన పెట్టి, “ఏరా, ఈ ‘ఉన్నా’ ఎందుకెట్టేవు?” అంది. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ‘ఉన్నా’ నేను పెట్టింది కాదు, నా చేత అలవాటు పెట్టించింది. ‘తెల్లగా ఉన్నా కళగల ముఖం’ అని ఎవరైనా రాస్తారా? ఆ ఒక్క ముక్కలో రచయిత ఆవిడ రంగుని ముందు తప్పుగా నమోదు చేసి, ఆ తర్వాత పెద్దమనసుతో క్షమిస్తున్నాడు. కన్నతల్లిని క్షమించిన కొడుకుని నేను.

దీనికి ప్రబంధాలనో, పాపులర్ నవలలనో తిట్టి చేతులు దులుపుకోవడం మనకలవాటు. ప్రబంధకవి తన పని దాచుకోలేదు. ముక్కు మీద పద్యం చెప్పినందుకు నంది తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడన్న కథని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటాం. అక్కడ వర్ణన ఒక పోటీ, అందరికీ తెలిసిన ఆట. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం ఓ కల, చదివే అమ్మాయిలకీ అది కలేనని తెలుసు. నా గొడవ వాళ్ళతో కాదు. వాస్తవికత అని బోర్డు పెట్టుకుని, లోపల మాత్రం కోలముఖం, సంపెంగ ముక్కు, చామనఛాయ అన్న మూడు అచ్చులతోనే మనుషుల్ని పోతపోసే మనతోనే నా గొడవ. చామనఛాయ అన్న మాటనే చూడండి. పెళ్ళి ప్రకటనల్లో, పేపర్లో ‘కనబడుటలేదు’ ప్రకటనల్లో, కథల్లో ఎక్కడ చూసినా అదే. నలుపు అనడానికి నోరు రానప్పుడు వాడే మాట అది.

ఇక మా తరంవాళ్ళ వాదన ఒకటుంది. “అసలు వర్ణనే పాతబడిపోయింది బాస్. వదిలెయ్. పాఠకుడే ఊహించుకుంటాడు.” వినడానికి ప్రజాస్వామ్యంగానే ఉంది. కానీ పాఠకుడు ఎక్కణ్ణుంచి ఊహించుకుంటాడు? నువ్వు ఖాళీగా వదిలిన చోట సినిమా వచ్చి కూర్చుంటుంది. ఏ వర్ణనా లేని ‘అతను’ మనలో చాలామంది బుర్రల్లో ఎర్రగా బుర్రగానే ఉంటాడు. ‘కన్యాశుల్కం’ చూడవయ్యా, గిరీశం ఎత్తెంతో ఎవడికి కావాలి అంటారు. నిజమే, ఎత్తు ఎవరికీ అక్కర్లేదు. కానీ గిరీశానికి చుట్ట ఉంది, ఆ ఇంగ్లీషుంది, ఆ కోతలున్నాయి. గురజాడ పట్టుకోడానికి అన్ని ఇచ్చాడు కాబట్టే 1955 సినిమాలో ఎన్టీరామారావు వేసినా, ఊళ్ళో నాటకాల్లో ఇంకెవరు వేసినా గిరీశం గిరీశంలాగే ఉంటాడు. దాన్ని వర్ణన లేకపోవడం అనరు. నేను కొలతలు అడగట్లేదు, ఆనవాలు అడుగుతున్నాను.

టైనీమడ్‌లో ఇంకో సంగతుంది. నువ్వు వర్ణన రాసుకోకపోతే, నిన్ను చూసినవాడికి ‘ప్రత్యేకంగా ఏమీ కనబడడం లేదు’ అనే అర్థం వచ్చే ఒక డిఫాల్ట్ వాక్యం వస్తుంది. మన కథల్లో ఆ డిఫాల్ట్ వాక్యంతో బతికేవాళ్ళెవరో ఓసారి లెక్కపెట్టండి. పాలేరు వచ్చాడు. పనిమనిషి కాఫీ ఇచ్చింది. పడవవాడు తెడ్డేశాడు. అక్కయ్యగారి కళ్ళకి నాలుగు వాక్యాలు, కాఫీ ఇచ్చిన చెయ్యికి ఒక్కటీ లేదు. ఇది శిల్పం అంటారు కొందరు, పొదుపు అంటారు. పొదుపు ప్రతిసారీ ఒకే ఇంటివాళ్ళ దగ్గరే చేస్తే దాన్ని పొదుపు అనరు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం నిలబడి, ఆటలో నేర్చుకున్న పని చేశాను. ఒక్కొక్కరినీ చూసి రెండేసి ఆనవాళ్ళు రాసుకున్నాను, మా మాస్టారిలాగా. ఒకావిడ మడమల పగుళ్ళలో ఎండిన బురద. ఒకాయన ఎడమ చెవి మీద అతికించిన తెల్ల ప్లాస్టరు. గల్ఫ్ నించి వచ్చినట్టున్న ఒకావిడ చేతికి పట్టీ ఒదులైన పెద్ద వాచీ, అది జారకుండా దానికి కట్టిన ఎర్ర దారం. పంటు అవతలి ఒడ్డు చేరేలోగా పదిహేనుమంది అయ్యారు. చామనఛాయ అన్న మాట ఒక్కసారి కూడా అవసరం పడలేదు. నేనేమీ గొప్ప పని చెయ్యలేదు. కాస్త కళ్ళెత్తి చూశాను, అంతే.

ఆ పాత కథ ఈ ఏడాది సంపుటిలో వస్తోంది. ప్రూఫులు దిద్దుతున్నప్పుడు ‘ఉన్నా’ కొట్టేశాను. అది చాలలేదు, ‘కళగల ముఖం’ కూడా కొట్టేశాను, అదీ నమస్కారం పెట్టించే బాపతే. ఇప్పుడు ఆ వాక్యం ఇలా ఉంది: “అమ్మ నలుపు. నవ్వితే కుడివైపు విరిగిన పన్ను కనబడుతుంది; దాన్ని నాలుకతో తడుముకుంటూ లెక్కలు వేస్తుంది.” అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపాగి, “పన్ను సంగతి ఊరందరికీ చెప్పాలేంట్రా?” అంది.

ఈసారి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. చెప్పాలమ్మా.