పసుపు అంటిన కాగితం

పుష్యమాసం. కొంపల్లి దాటి మేడ్చల్ వెళ్లే హైవే మీద ఫంక్షన్ హాళ్లన్నీ చీకట్లో ఉన్నాయి. రాజీవ్ రహదారి మీద తూంకుంట నుంచి షామీర్‌పేట దాకా అదే తీరు. కార్తీకంలో కార్లు నిలిపే చోటు దొరకని గేట్ల దగ్గర ఇప్పుడు వాచ్‌మన్ ఒక్కడే చలిమంట వేసుకుని కూర్చున్నాడు. మాఘం వస్తే తప్ప ముహూర్తాలు లేవు. మా ఇంట్లో మాత్రం ఆ పెళ్లిళ్లు ఇంకా ముగియలేదు. బీరువా మీద అట్టపెట్టెలో శుభలేఖలై మిగిలున్నాయి.

సంక్రాంతికి ఇల్లు దులుపుతూ ఆ పెట్టె దించాను. నలభై మూడు ఉన్నాయి. పట్టుచీర అంచులాంటి అచ్చు, మెరిసే లోపలి కాగితాలు, బంగారు రంగులో వినాయకుడు, వేంకటేశ్వరస్వామి, సీతారాములు. నాలుగు మూలలా పసుపు. ఏళ్లు గడిచినా ఆ పసుపు మరక కాగితాన్ని వదలదు.

వీటిని పారేయడానికి చేయి రాదు. ఇది ప్రతి తెలుగింటికీ తెలిసిన ఇబ్బందే. దేవుడి బొమ్మ ఉంది కాబట్టి చింపలేం, కాల్చలేం, చెత్తబుట్టలో వేయలేం. దాచినంతకాలం దాచి, చివరికి గుడి పక్కన రావిచెట్టు మొదట్లో పెట్టి, దండం పెట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. రెండు వానలకు రంగులు కారిపోతాయి. ఒకరోజు చెత్త బండి వచ్చి ఎత్తుకుపోతుంది. హైదరాబాద్ నగరం చెత్తలో ఎక్కువ భాగం చేరేది మన షామీర్‌పేటకు దగ్గర్లోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. ఆ గుట్టల నుంచి ఊరిన మురుగుతో మల్కారం చెరువు ఎంత పాడైందో ఈ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు. మన చేత్తో చేయలేని పనిని ఇంకొకరి చేతికి అప్పగించి దాన్ని భక్తి అనుకుంటున్నాం. నాకు ఇది సరిగ్గా తోచడం లేదు.

అందుకే ఈ పండుగ సెలవుల్లో ఆ శుభలేఖలను కవర్లు చేశాం. చదివింపుల కవర్లు. ఇంకో పెళ్లిలో, ఇంకో గృహప్రవేశంలో నూట పదహార్లో వెయ్యి నూట పదహార్లో పెట్టి చేతికిచ్చే కవర్లు.

పని తేలికే, కొలత మాత్రం తప్పకూడదు. ఇప్పటి 500 నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6. అది మడత పడకుండా కూర్చోవాలంటే కవరు 17 సెంటీమీటర్ల పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు ఉంటే చాలు. దానికి 20 సెంటీమీటర్ల చదరపు ముక్క కావాలి. పక్కలకు ఒకటిన్నర చొప్పున, కింది నుంచి పైకి మడవడానికి ఏడున్నర, మూతకు నాలుగు. పెద్ద శుభలేఖ వచ్చిన కవరును విప్పితే ఇలాంటి ముక్కలు రెండు వస్తాయి. బజారు కవరు ఒకటి జాగ్రత్తగా విప్పి, అట్టమీద పెట్టి గీసుకుంటే అదే అచ్చు.

కాగితం ఒక దిక్కుకు సాఫీగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే విరిగినట్టు అవుతుంది. కత్తిరించకముందే రెండు వైపులా కొంచెం వంచి చూస్తే వేళ్లకే తెలుస్తుంది. మందపాటి కార్డు మడతకు పనికిరాదు, రంగు పగిలి తెల్లగీత పడుతుంది. కాస్త మందంగా ఉన్నదానికి రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పెట్టి గీత నొక్కి ఆ తర్వాత మడవాలి. అంటించడానికి మైదా ఉడికించిన బంకే మేలు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూట బంక ఆ పూటే కాచుకోండి.

మడతకు లొంగని మందపు కార్డు మీద దేవుడి బొమ్మ ఉంటుంది కదా, దాన్ని చుట్టూ కత్తిరించి మూత మీద అంటించాం. మూతను మాత్రం బంకతో మూయకండి, లోపలికి దోపండి. అప్పుడు తెరిచేవాళ్ల చేతిలో బొమ్మ చిరగదు, ఆ కవరు ఇంకో ఇంటికి వెళ్లగలుగుతుంది. పేర్లున్న వైపు లోపలికి రావాలి, ఫోన్ నంబర్లున్న ముక్క తీసేయాలి. పసుపు మూల బయటికి కనిపిస్తే కనిపించనివ్వండి. నాకైతే ఆ కవర్లే ఎక్కువ నచ్చాయి.

కాగితం విలువ తెలిసినవాళ్లు ఇలాగే చేశారు. గాంధీజీ తనకొచ్చిన కవర్లను విప్పి లోపలి తెల్లవైపు రాసుకునేవారు. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది ఓడలు దక్షిణాది రేవులను దిగ్బంధించినప్పుడు అక్కడ కాగితానికి కరువొచ్చింది. గోడలకు అంటించే పూల కాగితాన్ని జనం కవర్లుగా మడిచారు. పూలు లోపలికి, తెల్లవైపు బయటికి. 1863 జూలైలో ముట్టడిలో ఉన్న విక్స్‌బర్గ్ పట్టణంలో ఒక పత్రిక ఆ గోడ కాగితం వెనకవైపే అచ్చయింది. ఆ కవర్లు ఇప్పుడు తపాలా సేకర్తలకు నిధులు. మీరూ కవరును పోస్టులో పంపాలనుకుంటే తెల్లవైపు బయటికి ఉంచే ఆ పద్ధతే పాటించండి. మెరిసే పువ్వుల మీద రాసిన పిన్‌కోడ్ పోస్ట్‌మన్ కంటికి ఆనదు.

వాడిన శుభలేఖతో చేసిన కవరు ఇస్తే అవతలివాళ్లు చిన్నతనంగా అనుకోరా అని మా వదిన అడిగింది. పేరంటంలో అందుకున్న జాకెట్టు గుడ్డ ఇంకో పేరంటంలో ఇంకొకరి ఒడిలోకి వెళుతుంది. అలా నాలుగిళ్లు తిరిగినా దాని శుభం తరగదని మనమే నమ్ముతాం. ఒక పెళ్లి పసుపు అంటిన కాగితం ఇంకో పెళ్లికి వెళ్లడంలో చిన్నతనం ఎక్కడుంది?

మా నలభై మూడింటిలో పద్నాలుగు మాత్రం దేనికీ పనికిరాలేదు. వాటి మీద ప్లాస్టిక్ పొర ఉంది. అంచు చింపితే సన్నని తీగలా సాగుతుంది. బంక అంటదు, మట్టిలో కలవదు, పాత కాగితాలు కొనేవాడూ తీసుకోడు. కాబట్టి మాఘం ముహూర్తాలకు ఛత్తాబజార్‌లోనో మీ ఊళ్లోనో శుభలేఖలు వేయించబోతున్నవాళ్లకు ఒక్క మనవి. లామినేషన్ వద్దని చెప్పండి. పేర్లు లోపలి కాగితం మీద ఒకవైపే వేయించండి.